"అడ్మిట్ వచ్చేదాకా ఎవరికీ చెప్పకు" అనే సలహా గురించి

అమెరికాలో ఎంఎస్‌కో పీహెచ్‌డీకో చేరి, ఏడాది తిరక్కముందే వేరే యూనివర్సిటీకి మారిపోదామనుకునే మన పిల్లలకి సీనియర్లు చెప్పే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. "అడ్మిట్ చేతికొచ్చేదాకా నోరు విప్పకు. అడ్వైజర్‌కి తెలిసిందా, నీ పని అయిపోయినట్టే." మొన్నీమధ్య ఇదే మాట మళ్లీ నా చెవిన పడింది. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ ఈ సలహా వల్ల తప్పే నష్టం కంటే వచ్చే నష్టమే ఎక్కువని నా నమ్మకం. ఎందుకో వివరంగా రాయాలనిపించింది.

ఆ భయం ఊరికే పుట్టలేదు. ఫీజు మినహాయింపు, నెలనెలా వచ్చే స్టైపెండ్, చివరికి ఆ దేశంలో ఉండే హక్కు కూడా ఒక యూనివర్సిటీ ఇచ్చిన కాగితం మీద ఆధారపడినప్పుడు ఎవరికైనా బెదురు ఉంటుంది. పైగా మనం టీసీ అడిగిన పిల్లాణ్ని కాలేజీ ఆఫీసులో ఎలా చూస్తారో చూసి పెరిగినవాళ్లం. మిగతా ఏళ్ల ఫీజు కూడా కడితేగానీ ఒరిజినల్స్ ఇవ్వమనే యాజమాన్యాలు మనకు కొత్త కాదు. చెప్పామంటే ఇరుక్కుపోతాం అన్నది అక్కడ నేర్చుకున్న పాఠం. దాన్నే విమానంలో వెంట తీసుకెళ్తాం.

నా ఉద్దేశం ఇది. ఎప్పుడు చెప్పాలన్నది మన భయాన్ని బట్టో ధైర్యాన్ని బట్టో తేల్చుకునే విషయం కాదు. ఎదుటి మనిషి మన కోసం చేయాల్సిన పని ఏమిటి, ఆ పనికి గడువు ఎప్పుడు, ఈ రెండూ చూసుకుంటే తేదీ దానంతటదే బయటపడుతుంది. అలా లెక్క వేస్తే చాలామందికి చెప్పాల్సిన రోజు వాళ్లు అనుకున్నదానికంటే రెండు మూడు నెలలు ముందుకొస్తుంది. కొద్దిమంది మాత్రం నిజంగానే ఆగాలి. వాళ్ల గురించీ రాస్తాను.

ఎదురయ్యేది ముగ్గురు

ఈ భయమంతా ఒకే మనిషి చుట్టూ తిరుగుతుంది. కానీ మారాలనుకునే విద్యార్థి మాట్లాడాల్సింది ముగ్గురితో. ఒకరు విభాగంలో కోర్సుల ప్లాన్ చూసే అకడమిక్ అడ్వైజర్. రెండోవారు ఇంటర్నేషనల్ ఆఫీసులో, స్టూడెంట్ వీసాకి ఆధారమైన ఐ-20 అనే కాగితం వ్యవహారం చూసే అధికారి, డీఎస్‌ఓ. మూడోవారు థీసిస్ చూసే, ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) డబ్బు ఇచ్చే ప్రొఫెసర్. మీరు ఉన్నా వెళ్లిపోయినా మొదటివారి జీతంలో తేడా రాదు. రెండోవారి పని ఏమిటో ఇమిగ్రేషన్ నిబంధనలే రాసిపెట్టాయి. మీరు వెళ్తే నిజంగా నష్టపోయేది మూడోవారొక్కరే. అలాంటప్పుడు మూడోవారి మీద ఉన్న భయంతో మొదటి ఇద్దరి దగ్గర కూడా దాచుకోవడంలో అర్థం లేదు. జరుగుతున్నది మాత్రం అదే.

కోర్సుల అడ్వైజర్‌కి అందరికంటే ముందు

మనవాళ్లలో ఎక్కువమంది థీసిస్ లేకుండా, కోర్సులతోనే పూర్తయ్యే ఎంఎస్‌లో, బ్యాంకు లోనుతోనో ఇంటి డబ్బుతోనో చదివేవాళ్లు. వీళ్లు కోర్సుల అడ్వైజర్‌కి చెప్పడం వల్ల పోయేదేమీ లేదు. చెప్పకపోతే పోయేవి క్రెడిట్లు.

ఎంఎస్ అంటే మామూలుగా 30 నుంచి 36 క్రెడిట్లు. కొత్త యూనివర్సిటీ అందులో పాతచోట చదివిన 6 నుంచి 9 క్రెడిట్లు ఒప్పుకుంటుంది, కొన్నిచోట్ల 12 దాకా. ఆ కోర్సులో కనీసం బి గ్రేడ్ ఉండాలి, సిలబస్ వాళ్ల కోర్సుతో సరిపోలాలి, ఆ క్రెడిట్లు ఇంకో డిగ్రీకి వాడి ఉండకూడదు. సెమినార్లు, పాస్-ఫెయిల్ మాత్రమే ఉండే కోర్సులు, ఇండిపెండెంట్ స్టడీ, ఇంటర్న్‌షిప్ క్రెడిట్లు సాధారణంగా ఒప్పుకోరు.

దీన్ని ఒక సెమిస్టర్‌కి వర్తింపజేసి చూడండి. విజయవాడ నుంచి వచ్చిన ఒక కుర్రాడు మారాలని మనసులో అనుకుంటూనే, ఎవరికీ చెప్పకుండా మూడు కోర్సులు తీసుకున్నాడనుకోండి. ఒకటి అల్గారిథమ్స్. రెండోది ఆ ఏడాది ఒక ప్రొఫెసర్ కొత్తగా పెట్టిన స్పెషల్ టాపిక్స్ కోర్సు. మూడోది తేలిగ్గా ఏ గ్రేడ్ వస్తుందని సీనియర్లు చెప్పిన ఇండిపెండెంట్ స్టడీ. కొత్త విభాగం అల్గారిథమ్స్‌కి సరే అంటుంది. స్పెషల్ టాపిక్స్‌కి సమానమైన కోర్సు తమ కేటలాగులో లేదని తోసేస్తుంది. ఇండిపెండెంట్ స్టడీని అసలు పరిశీలించనే పరిశీలించదు. 9లో మిగిలింది 3. క్రెడిట్‌కి 1,000 డాలర్లు అనుకుంటే 6,000 డాలర్లు గాలికి పోయినట్టే. రూపాయల్లో ఐదు లక్షల పైమాటే. కోర్సులు ఎంచుకునే ముందే అడ్వైజర్‌కి చెప్పి ఉంటే "అయితే ఆపరేటింగ్ సిస్టమ్స్ తీసుకో, డేటాబేసెస్ తీసుకో, అవి ఎక్కడైనా చెల్లుతాయి" అని ఐదు నిమిషాల్లో తేల్చేసేవారు. ఇలాంటి సలహా ఆమె రోజూ ఇచ్చేదే.

రోజు కూడా మీరు వెతుక్కోనక్కర్లేదు. చాలా విభాగాల్లో వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ముందు అడ్వైజింగ్ హోల్డ్ పెడతారు. అడ్వైజర్‌ని కలిస్తేగానీ కోర్సులు తీసుకోనివ్వదు. జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ సెమిస్టర్ రిజిస్ట్రేషన్ అక్టోబర్-నవంబర్‌లో, ఆగస్టులో మొదలయ్యే ఫాల్ రిజిస్ట్రేషన్ మార్చి-ఏప్రిల్‌లో వస్తుంది. ఎలాగూ కూర్చోవాల్సిన ఆ మీటింగే చెప్పడానికి సరైన చోటు. ఆ రోజు సిలబస్ కాపీలు కూడా అడగండి. కొత్తచోట క్రెడిట్లు లెక్కించేది కోర్సు పేరు చూసి కాదు, వారంవారం ఏం చెప్పారో ఉన్న పూర్తి సిలబస్ చూసి. యూనివర్సిటీ వదిలాక కోర్సుల పోర్టల్ మూసుకుపోతుంది. ఆ తర్వాత ఒక్కొక్క ప్రొఫెసర్‌కీ ఈమెయిల్ పెట్టి బతిమాలుకోవాలి.

ఒక విషయంలో మాత్రం తొందరపడకూడదు. మారతానని చెప్పేశాం కదా అని వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్ మానేయకండి. కొత్త అడ్మిట్ ఖాయమయ్యేదాకా పాతచోట కోర్సులు ఉంచుకోవాలి. క్లాసులు మొదలవకముందు వదిలేస్తే ఫీజు దాదాపు అంతా వెనక్కొస్తుంది. మొదలయ్యాక వారం వారానికీ ఆ శాతం పడిపోతుంది, ట్రాన్స్‌క్రిప్ట్ మీద, మధ్యలో వదిలేశారనే గుర్తుగా డబ్ల్యూ కూడా పడుతుంది. రిజిస్టర్ కాకుండా, డీఎస్‌ఓకి చెప్పకుండా ఊరుకుంటే, విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే ప్రభుత్వ డేటాబేస్ సెవిస్‌లో మీ రికార్డు టెర్మినేట్ అవుతుంది. ఇది అన్నిటికంటే పెద్ద ప్రమాదం. టెర్మినేట్ అయిన రికార్డును మార్చుకున్నా కొత్తచోట రీఇన్‌స్టేట్‌మెంట్ (పోయిన స్టేటస్ తిరిగి ఇవ్వమనడం) కోసం దరఖాస్తు పెట్టుకోవాలి.

బ్యాచిలర్స్ చదివే పిల్లలకైతే దాచడం సాధ్యమే కాదు. చాలా కాలేజీలకి ఒకేచోట దరఖాస్తు పెట్టే కామన్ యాప్ ద్వారా ట్రాన్స్‌ఫర్‌కి వెళ్తే చాలా యూనివర్సిటీలు కాలేజ్ రిపోర్ట్ అడుగుతాయి. అది ప్రస్తుత కాలేజీ అధికారి నింపాల్సిన ఫారం. కొన్ని యూనివర్సిటీలు ఇంకా సాగుతున్న కోర్సుల్లో మార్కులు ఎలా ఉన్నాయో ప్రొఫెసర్లతో రాయించమంటాయి. రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీల సంగతి ఇంకోరకం. అక్కడ చాలామంది తర్వాత యూనివర్సిటీకి మారిపోవడానికే చేరతారు కాబట్టి కౌన్సిలర్‌కి మొదటి వారంలోనే చెప్పాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లు ఆరు ఇచ్చే ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీకి దరఖాస్తు గడువు సెప్టెంబర్ 1 నుంచి 30 వరకే. నవంబర్‌లో నోరు విప్పితే ఆ ఏడాదికి ఆ అవకాశం పోయినట్టే. అక్కడ స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు చాలామంది ఈ దారిలోనే వెళ్తారు. వాళ్లకి ఈ రహస్యం గొడవ ఏమిటో అర్థం కూడా కాదు.

డీఎస్‌ఓని అడగడం వేరు, అర్జీ పెట్టడం వేరు

డీఎస్‌ఓ విషయంలో పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. కొందరు అడ్మిట్ వచ్చాక కూడా చివరి వారం దాకా చెప్పరు. ఇంకొందరు కంగారులో అడ్మిట్ రాకముందే, తమ సెవిస్ రికార్డును కొత్తచోటికి పంపమనే ట్రాన్స్‌ఫర్ అవుట్ ఫారం నింపేస్తారు.

సందేహాలు అడగడానికి ఏ రోజైనా మంచిదే. ఫారం మాత్రం అడ్మిట్ లెటర్ చేతిలో ఉండి, మారడం ఖాయం అనుకున్నాకే. ఆ ఫారంలో మీరు కోరే రిలీజ్ డేట్ అనే తేదీ ఉంటుంది. ఆ తేదీ దాకా పాత డీఎస్‌ఓ దాన్ని రద్దు చేయగలరు, మార్చగలరు. ఆ తేదీ వచ్చిందంటే రికార్డు కొత్త యూనివర్సిటీ చేతికి పోతుంది. పాతవాళ్లు ఇక ఏమీ చేయలేరు. కొత్త ఐ-20 కూడా ఆ తర్వాతే తయారవుతుంది.

ఈ ఒక్క తేదీ మీద ఎన్ని ఆధారపడతాయో దగ్గరగా చూడండి. స్ప్రింగ్‌కి అడ్మిట్ వచ్చిన అమ్మాయి ఉంది. చివరి పరీక్ష డిసెంబర్ 11. టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పనిలో పేపర్లు దిద్దడం 18 దాకా ఉంటుంది. త్వరగా ఐ-20 వస్తుందని రిలీజ్ డేట్ 12 పెట్టించుకుంది. 12 నుంచి ఆమె రికార్డు పాత యూనివర్సిటీది కాదు, కాబట్టి అక్కడి క్యాంపస్‌లో పని చేసే అనుమతి కూడా ఆ రోజుతో పోయింది. ఆ వారం దిద్దిన పేపర్లన్నీ అనుమతి లేని పని కిందికి వస్తాయి. పోనీ అని జనవరి 6 పెట్టించుకుందనుకుందాం. సెలవులకి హైదరాబాద్ వచ్చింది, తిరుగు టికెట్ 8న అబుదాబి మీదుగా. అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అబుదాబి విమానాశ్రయంలోనే జరుగుతుంది. అప్పటికి రికార్డు కొత్త యూనివర్సిటీది, చేతిలో ఉన్నది పాత ఐ-20. రిలీజ్ అయ్యాక తిరిగి ప్రవేశించేది కొత్త యూనివర్సిటీ ఐ-20తోనే. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా చాలా ఇంటర్నేషనల్ ఆఫీసులు మూసి ఉంటాయి. తెరిచిన వారంలో వందల అర్జీలు వాళ్ల ముందు పడతాయి. ఈ అమ్మాయికి సరైన తేదీ 19. టీఏ పని 18తో ముగుస్తుంది, ఆఫీసు ఇంకా తెరిచే ఉంటుంది. ఆ తేదీ కుదరాలంటే టీఏ పని ఎప్పుడు ముగుస్తుందో ప్రొఫెసర్‌తోనూ, కొత్త ఐ-20 ఎన్ని రోజుల్లో ఇస్తారో కొత్త డీఎస్‌ఓతోనూ నవంబర్‌లోనే మాట్లాడుకోవాలి. దాచిపెట్టినవాళ్లకి ఈ లెక్క వేసుకునే వీలే లేదు.

ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసే అనుమతి) మీద ఉద్యోగం చేస్తూ మళ్లీ చదువుకి వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రిలీజ్ డేట్‌తో ఓపీటీ అక్కడికక్కడే ముగుస్తుంది, కార్డు మీద ఎన్ని నెలలు మిగిలి ఉన్నా సరే. పాత చదువు పూర్తయ్యాకో ఓపీటీ ముగిశాకో మారాలంటే 60 రోజుల గ్రేస్ పీరియడ్ లోపే ట్రాన్స్‌ఫర్ అడగాలి. కొత్త క్లాసులు మొదలవడానికి ఐదు నెలలకు మించి ఖాళీ ఉండకూడదు. కొత్తచోట ప్రోగ్రాం మొదలైన 15 రోజుల్లోగా అక్కడి డీఎస్‌ఓ దగ్గర నమోదవ్వాలి. వీసా మీద పాత యూనివర్సిటీ పేరు ఉందని కంగారు పడక్కర్లేదు. గడువు ఉన్నంతకాలం కొత్త ఐ-20తో అదే చెల్లుతుంది. సెవిస్ నంబర్ మారదు, 350 డాలర్ల ఫీజు మళ్లీ కట్టక్కర్లేదు. 2025 ఆగస్టులో ప్రభుత్వం ప్రతిపాదించిన మార్పుల్లో ట్రాన్స్‌ఫర్ల మీద ఆంక్షలూ, ఈ 60 రోజులను 30కి తగ్గించడమూ ఉన్నాయి. కాబట్టి మీరు మారే నెలలో ఏ నిబంధన అమల్లో ఉందో డీఎస్‌ఓ నోటే వినండి, నిరుడు మారిన సీనియర్ నోట కాదు.

బ్యాంకు లోను ఉన్నవాళ్లకి ఇంకో గడువు ఉంది. లోను మంజూరైంది ఒక యూనివర్సిటీ పేరు మీద. తర్వాతి వాయిదా కొత్త యూనివర్సిటీకి వెళ్లాలంటే కొత్త అడ్మిట్ లెటర్, కొత్త ఐ-20, ఫీజు వివరాలు బ్రాంచికి చేరాలి, కో-అప్లికెంట్‌గా ఉన్న నాన్నగారో అమ్మగారో సంతకం పెట్టాలి. సంక్రాంతి సెలవుల్లో ఆ ఫైలు కదలదు. ఇంట్లో చెప్పడానికి జంకి జనవరి దాకా ఆగితే మొదటి ఫీజు గడువు దాటిపోతుంది.

ఫార్మింగ్టన్ నేర్పింది

చెప్పకుండా మారిపోవాలనే ఆలోచనకు ఇంకో ముఖం ఉంది. చవకగా, క్లాసులు పెద్దగా లేకుండా, చేరిన రోజే సీపీటీ (చదువుతూనే బయట పని చేసే అనుమతి) ఇస్తామనే చోటుకి మారేవాళ్లు ఆ సంగతి అడ్వైజర్ ముందు పెట్టడానికి సిగ్గుపడతారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లే. కొందరి కాళ్లకి రేడియో కాలర్లు తగిలించారు. 2019 జనవరిలో బయటపడ్డ మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీని అసలు ఇమిగ్రేషన్ అధికారులే ఉచ్చుగా నడిపారు. అక్కడ పేరు నమోదు చేసుకున్నవాళ్లు దాదాపు 600 మంది, ఎక్కువమంది భారతీయులు, అందులో తెలుగువాళ్లు చాలామంది. వాళ్లలో కొందరు వేరే యూనివర్సిటీ గుర్తింపు పోవడంతో దిక్కుతోచక మారినవాళ్లు.

విదేశీ విద్యార్థుల్ని చేర్చుకోవచ్చని ప్రభుత్వం అనుమతించిన యూనివర్సిటీల జాబితాలో ఫార్మింగ్టన్ పేరు ఉండేది. కాబట్టి జాబితా చూసుకుంటే చాలు అనడం సరికాదు. అక్కడ లేనివి క్లాసులు, పాఠం చెప్పే మనుషులు. కోర్సుల అడ్వైజర్ ముందు కూర్చుని ఫలానా చోటుకి వెళ్తున్నానంటే ఆమె అడిగే మొదటి ప్రశ్న "అక్కడ మొదటి సెమిస్టర్‌లో ఏ కోర్సులు తీసుకుంటున్నావు, ఎవరు చెప్తున్నారు" అన్నదే. ఆ ప్రశ్నకి జవాబు లేని చోటుకి వెళ్లకూడదని ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. చెప్పడానికి మొహమాటపడే యూనివర్సిటీ ఏదైనా ఉంటే, అది మారదగ్గ యూనివర్సిటీ కాదేమోనని ఒకసారి ఆలోచించండి.

డబ్బు ఇచ్చే ప్రొఫెసర్ దగ్గర

అసలు చిక్కంతా ఇక్కడే. ఇక్కడ నా అభిప్రాయం మీద నాకే కొన్ని సందేహాలున్నాయి.

పీహెచ్‌డీలో ట్రాన్స్‌ఫర్ అనేది ఆచరణలో మళ్లీ కొత్తగా దరఖాస్తు చేయడమే. గడువులు ఎక్కువగా డిసెంబర్ మొదటి పదిహేను రోజుల్లో ఉంటాయి. రెండేళ్లు ఒక ప్రొఫెసర్ దగ్గర పనిచేసి, ఆయన రికమెండేషన్ లెటర్ లేకుండా దరఖాస్తు పెడితే, అది ఎందుకు లేదన్నదే అడ్మిషన్ల కమిటీకి వచ్చే మొదటి అనుమానం. కొందరు నేరుగా ఫోన్ చేసి అడుగుతారు. చదువుకి సంబంధించిన గోప్యత కోసం 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ఉంది కదా అనుకుంటారు కొందరు. ఆ చట్టమే, విద్యార్థి చేరాలనుకుంటున్న యూనివర్సిటీకి రికార్డులు ఇవ్వడానికి వీలు కల్పిస్తుంది. లోపల పని ఉన్న అధికారుల మధ్య కూడా సమాచారం తిరగొచ్చు.

దరఖాస్తు పోర్టల్ సంగతి చాలామందికి ముందే తెలియదు. రికమెండేషన్ పేజీలో ప్రొఫెసర్ పేరు, ఈమెయిల్ నింపి సేవ్ నొక్కితే కొన్ని పోర్టళ్లు ఆ నిమిషమే ఆయనకి లెటర్ అడుగుతూ మెయిల్ పంపేస్తాయి. మీరు దరఖాస్తు సబ్మిట్ చేయకపోయినా సరే. తన విద్యార్థి వెళ్లిపోతున్నాడన్న సంగతి ఆదివారం రాత్రి ఒక యంత్రం నుంచి తెలిసిన ప్రొఫెసర్, సోమవారం ల్యాబ్‌లో ఎలా మాట్లాడతారో ఊహించుకోండి. ఆ ముఖం చూసే కంటే సెప్టెంబర్ చివరిలోనో అక్టోబర్ మొదట్లోనో మీ నోటితో చెప్పడం నయం.

"అలా చెప్తే స్ప్రింగ్‌కి ఆర్ఏ తీసేస్తే?" ఇది సరైన ప్రశ్న. జవాబు మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంది. ఆగస్టు నుంచి మే దాకా పూర్తి విద్యా సంవత్సరానికి రాసి ఉంటే మధ్యలో తీసేయడం అంత తేలిక కాదు. సెమిస్టర్ సెమిస్టర్‌కి రెన్యూ అయ్యేదైతే ప్రమాదం నిజమే. టీఏ అయితే డబ్బు విభాగానిది, ప్రొఫెసర్ ఒక్కరి నిర్ణయం కాదు. ఆ లెటర్ చదవకుండా ఏ మీటింగ్‌కీ వెళ్లొద్దు. సెమిస్టర్ వారీ ఆర్ఏ ఉండి, ఆ ప్రొఫెసర్ లెటర్ అక్కర్లేని ఎంఎస్ విద్యార్థి అయితే, కొత్త అడ్మిట్ వచ్చేదాకా ఆగడం తప్పని నేననను. వచ్చిన వారంలోనే చెప్పాలి, అంతే. ఆ తర్వాత కూడా దాచి, సెలవుల్లో ఈమెయిల్ పెట్టి వెళ్లిపోవడం వల్ల ఆ ప్రొఫెసర్ వచ్చే సెమిస్టర్‌కి ఇంకొకరిని తీసుకునే అవకాశం పోతుంది. తర్వాత వచ్చే మన జూనియర్‌కి ఆర్ఏ ఇచ్చే ముందు ఆయన ఇదే గుర్తు చేసుకుంటాడు.

ఫండింగ్‌తో వచ్చే ఆఫర్లకి ఏప్రిల్ 15 అనే తేదీ ఉంది. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం మీద సంతకం పెట్టిన యూనివర్సిటీలు ఆ తేదీకి ముందు జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. ఒప్పుకున్నాక మనసు మార్చుకోవాలన్నా ఆ తేదీ లోపే మొదట ఒప్పుకున్నచోటికి తెలియజేయడం మేలు. పాత ప్రొఫెసర్‌కి ఆఖరి నిర్ణయం చెప్పడానికి కూడా ఇదే గడువు అనుకోండి. చాలాచోట్ల ఫాల్ టీఏల పంపకం ఆ రోజుల్లోనే జరుగుతుంది.

ఆలస్యం చేస్తే పోయేది ఇంకొకటి, మాస్టర్స్ డిగ్రీ. పీహెచ్‌డీలో ఉంటూ 30 క్రెడిట్లు పూర్తి చేసినవాళ్లు చాలా విభాగాల్లో ఎంఎస్ పట్టా తీసుకుని వెళ్లొచ్చు. దానికి గ్రాడ్యుయేషన్ దరఖాస్తు సెమిస్టర్ మొదటి వారాల్లోనే పెట్టాలి, అడ్వైజర్ సంతకం కావాలి. మార్చిలో అడ్మిట్ వచ్చాక ఏప్రిల్‌లో చెప్పేవాడికి మే పట్టా అందదు. రెండేళ్ల చదువుకి చేతిలో ఒక్క కాగితం లేకుండా వెళ్లాల్సి వస్తుంది.

ఆగాల్సినవాళ్లు ఉన్నారన్నాను. విద్యార్థుల్ని కేకలేసి, వీసా పేరెత్తి బెదిరించి, రాత్రింబవళ్లు పని చేయించే ప్రొఫెసర్లు అరుదేమీ కాదు. అలాంటి చోట ముందు చెప్పాల్సింది గ్రాడ్యుయేట్ ప్రోగ్రామ్ డైరెక్టర్‌కి. యూనివర్సిటీలో ఆంబుడ్స్ ఆఫీసు (ఫిర్యాదులు గోప్యంగా వినే చోటు) ఉంటే అక్కడ మాట్లాడింది సాధారణంగా బయటికి పోదు. లెటర్లు మీ థీసిస్ కమిటీలోని ఇంకో ఇద్దరి నుంచి తీసుకుని, ఆ ప్రొఫెసర్ లెటర్ ఎందుకు లేదో డైరెక్టర్‌ని ఒక్క వాక్యం రాయమని అడగొచ్చు. ఆ ప్రొఫెసర్‌కి అన్నీ ఖాయమయ్యాకే, డైరెక్టర్ సమక్షంలో చెప్పండి. ఇక్కడ దాచడం మోసం అనడం అన్యాయం.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకునేవాళ్లు కూడా ఒకచోట జారిపోతారు. మొదట రూమ్మేట్‌కి చెప్తారు. రూమ్మేట్ పక్క ల్యాబ్. అక్కడ పోస్ట్‌డాక్ మనవాడే, వరంగల్ అన్న. వారం తిరిగేసరికి ప్రొఫెసర్‌కి తెలుస్తుంది. ప్రొఫెసర్‌కి చెప్పే రోజు దాకా మనవాళ్లకి చెప్పకుండా ఆగడం అన్నిటికంటే కష్టం. కానీ అవసరం.

ఆ ఇరవై నిమిషాలు

ఈమెయిల్‌లో విషయం రాయొద్దు. ఇరవై నిమిషాలు సమయం కావాలని మాత్రమే రాయండి. లోపలికి వెళ్లాక "సర్, చిన్న డౌట్" అని మొదలుపెట్టి వాతావరణం, ప్రాజెక్టు, చుట్టాలు అన్నీ తిరిగొచ్చే అలవాటు మనది. అక్కడ మొదటి వాక్యంలోనే చెప్పేయాలి. "వచ్చే ఫాల్‌కి వేరే ప్రోగ్రాములకి దరఖాస్తు చేయాలనుకుంటున్నాను, ఇంకా ఎక్కడా ఖాయం కాలేదు, మీకు నా నుంచే తెలియాలనుకున్నాను." కారణం ఒకటి చాలు, నిజమైనది. పరిశోధన అంశమో, ఖర్చో, కుటుంబమో. ఈ ల్యాబ్‌లో ఏం బాగోలేదో చెప్పడానికి ఇది సమయం కాదు.

తర్వాత అడగాల్సినవి ముందే రాసుకుని వెళ్లండి. లెటర్ రాస్తారా, నిజంగా బలంగా రాయగలరా. స్ప్రింగ్ ఫండింగ్ ఎలా ఉంటుంది. సగంలో ఉన్న పేపర్‌లో పేరు ఏ స్థానంలో ఉంటుంది, మిగిలిన ప్రయోగాలు ఎవరు చేస్తారు. మూడో ప్రశ్న అడగడానికి చాలామంది జంకుతారు. ఆ రోజు అడగకపోతే ఏడాది తర్వాత పేపర్ అచ్చయ్యాక అడిగి లాభం లేదు. డేటా, కోడ్ ల్యాబ్‌వి. అనుమతి లేకుండా కాపీ తీసుకెళ్లొద్దు, ఏవి తీసుకెళ్లొచ్చో అడిగి తెలుసుకోండి. బయటికి వచ్చిన గంటలోపు, మాట్లాడుకున్నవి నాలుగు వాక్యాల్లో రాసి కృతజ్ఞతలతో మెయిల్ పెట్టండి. ఆరు నెలల తర్వాత ఎవరి జ్ఞాపకం ఎలా మారినా ఆ మెయిల్ ఉంటుంది.

చెప్పాక అడ్మిట్ రాకపోతే?

నా వాదనకి అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇదే. అందరికీ చెప్పేసి, ఎక్కడా సీటు రాక, అదే ల్యాబ్‌లో అదే కుర్చీలో కూర్చోవాలి. మొహం చెల్లదు, నిజమే. కొందరు ప్రొఫెసర్లు ఆ తర్వాత మంచి ప్రాజెక్టులు ఇవ్వరు కూడా. అలా జరగదని నేను హామీ ఇవ్వలేను.

కానీ చట్టపరంగా చూస్తే అక్కడ ఏమీ మారలేదు. ఫారం ఇవ్వలేదు, రిలీజ్ డేట్ లేదు, రికార్డు యాక్టివ్‌గానే ఉంది, రిజిస్ట్రేషన్ వదులుకోలేదు. ఎంఎస్ విద్యార్థికైతే మామూలుగా తర్వాతి కోర్సులు, అంతే. ఆర్ఏ మీద ఉన్నవాళ్లు ఏప్రిల్ మూడో వారంలో మళ్లీ ఇరవై నిమిషాలు అడగాలి. అడ్మిట్ రాలేదని, ఇక్కడే పూర్తి చేస్తానని చెప్పి, ఫాల్‌కి డబ్బు ఉందా లేదా అని సూటిగా అడగాలి. లేదంటే ఆ రోజే గ్రాడ్యుయేట్ డైరెక్టర్ దగ్గరికి వెళ్లి టీఏ ఖాళీ ఏమైనా ఉందేమో కనుక్కోవాలి. చాలా విభాగాల్లో ఏప్రిల్ 15 తర్వాత, వస్తామన్న కొత్త విద్యార్థులు కొందరు రామని చెప్పేసి ఉంటారు. టీఏ స్థానాలు ఒకటో రెండో తిరిగి ఖాళీ అయ్యేది ఆ పది రోజుల్లోనే.